ఇంట్లో చదువుకోండి అన్న వాక్యం

18 నవంబర్ 2024, సోమవారం

డిసెంబరు ఒకటి ఈ ఏడు ఆదివారం పడింది. అందుకని ఎయిడ్స్ దినం రెండో తేదీన జరపమని సర్క్యులర్. హెడ్మాస్టరు చదివినట్టు లేదు, కింద సంతకం గీకి నా టేబుల్ మీదికి తోసేసినాడు. బళ్ళో సైన్సు మిస్ అంటూ ఒకతె ఉంటే ఇట్లాంటి కాగితాలన్నీ ఆమెవే. ఎర్ర రిబ్బన్లు, వ్యాసరచన, ముగ్గుల పోటీ, విదురాశ్వత్థ గుడి దాకా జాతా, బ్యానరు పట్టుకుని ఫోటో. ఫోటో వాట్సాప్ గ్రూపుకు ఎక్కితే ఆ ఏటికి ఎయిడ్స్ తీరినట్టే.

పోయినేడు ముగ్గుల పోటీలో ఒక పిల్ల ఎయిడ్స్ అని పాము బొమ్మ వేసింది. పాముకు పాలు పోసే ఊరు పక్కన బడి పెట్టుకుని, పామే రోగమంటే మేమంతా చప్పట్లు కొట్టినాం. ఫస్టు ప్రైజు కూడా దానికే.

ఈసారి దీంతోబాటు ఇంకో పని. ల్యాబు పక్క వరండాలో ఒక అట్టపెట్టె పెట్టించినా. పేరు రాయొద్దు, తరగతి రాయొద్దు, ఏం అడగాలనుంటే అది రాసి వేయండి, బూతైనా పర్వాలేదు అని ప్రార్థనలో చెప్పినా. పీటీ సారు పక్కనుంచి గొణిగినాడు: "బూతులే వస్తాయి మిస్, చూడండి."

20 నవంబర్

రాత్రి మా పిల్లలు పడుకున్నాక వంటింట్లో కూర్చుని పెట్టె విప్పినా. మాది కర్ణాటక సరిహద్దు ఊరు. బడిపిల్లలు మాట్లాడేది తెలుగు, చదివేది కన్నడం. చీటీల్లో సగం కన్నడ అక్షరాల్లో రాసిన తెలుగు. నాకూ చిన్నప్పుడు అదే రాత, కాబట్టి చదవడానికి కష్టం లేదు.

బూతులు రాలేదా అంటే వచ్చినాయి, రెండో మూడో. ఒకటి నా మీదే. స్పెల్లింగు తప్పు. పక్కన పెట్టేసినా.

మిగతావి చూస్తే వేరే సంగతి. దోమ కుడితే వస్తుందా అన్నవి చాలా. ఎంగిలి నీళ్ళు తాగితే? మంగలి షాపులో బ్లేడు మార్చకుంటే? జాతరలో పచ్చబొట్టు పొడిపించుకున్నా, చెయ్యి వాచింది, ఇది అదేనా? వీటికి జవాబులు సులభం. దోమ కడుపులోకి పోయిన వైరస్ అక్కడే అరిగిపోతుంది, పెరగదు, ఇంకొకరికి ఎక్కదు. దోమతో వచ్చేటట్టయితే మొదట పోయేది చిన్నపిల్లలూ ముసలోళ్ళూ కదా. ఎంగిలితో రాదు. పచ్చబొట్టు సూది సంగతి మాత్రం నిజంగా చెప్పాల్సిందే. ఒకరి రక్తం అంటిన సూది మార్చకుండా ఇంకొకరికి గుచ్చితే దారి ఉంది. వాపు దానికి గుర్తు కాదు. ఆ పిల్లవాడికి ముందు ధనుర్వాతం ఇంజెక్షను వేయించాలి, కానీ వాడెవడో తెలియదే!

రెండో రకం చీటీల దగ్గర ఆగిపోయినా.

"చూస్తే తెలుస్తుందా?"

"ఒక్కసారికే వస్తుందా?"

"మెడికల్ షాపులో కండోమ్ అడిగితే వయసు అడుగుతారా? షాపాయన మా నాయనకు స్నేహితుడు."

"కండోమ్ పేరు తెలిసిన ఆడపిల్ల మంచిది కాదని మా అన్న అన్నాడు. మన పుస్తకంలో ఉంది కదా మిస్?"

ఇంకొకటి, ఎయిడ్స్ హెల్ప్‌లైను నంబరు గురించి, సన్నటి పెన్సిలు రాత: "1097కి ఫోన్ చేస్తే ఇంటికి వస్తారా? మన పేరు ఎవరికైనా చెప్తారా?"

ఏళ్ళుగా వీళ్ళ పేపర్లు దిద్దుతున్నా. ఆ 'ప' ఒత్తు చూస్తే ఎవరిదో పట్టేయగలను. పట్టాలనుకోలేదు. చీటీలన్నీ సింకులో వేసి అగ్గిపుల్ల గీసినా. ప్రశ్నలు మాత్రం ఇక్కడ రాసుకున్నా, రాత నాది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో 21.6 శాతానికి, మగవాళ్ళలో 30.7 శాతానికి మాత్రమే హెచ్‌ఐవి విషయంలో సమగ్రమైన తెలివిడి ఉందని తేలింది. సమగ్రం అంటే బ్రహ్మవిద్య ఏం కాదు. కండోమ్ వాడితే, రోగం లేని ఒక్కరితోనే ఉంటే ముప్పు తగ్గుతుందని తెలియాలి, ఆరోగ్యంగా కనిపించే మనిషికీ ఉండొచ్చని తెలియాలి, దోమ, ఎంగిలి లాంటి అపోహలు ఉండకూడదు. అంతే. పెద్దల్లోనే ఆడవాళ్ళు ఐదుగురిలో దాదాపు నలుగురు, మగవాళ్ళు పదిమందిలో దాదాపు ఏడుగురు తప్పిన పరీక్షకు పదిహేనేళ్ళ పిల్లల్ని కూర్చోబెట్టి ముగ్గు వేయమంటున్నాం.

22 నవంబర్

పిల్లల భోజనాలప్పుడు "మీకు పులిరాజా తెలుసా?" అని అడిగితే, కొత్త సినిమానా మిస్ అన్నారు. వీళ్ళు పుట్టిందే 2009లో. ఎట్లా తెలుస్తుంది.

నేను హిందూపురంలో డిగ్రీ చదివే రోజులు. ఉన్నట్టుండి ఎక్కడ చూసినా ఒకటే ప్రశ్న: పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా? ఇంకేం లేదు, జవాబు లేదు. ఎవడీ పులిరాజా అని బస్సులో, హోటల్లో, ఇళ్ళలో అదే మాట. బొంబాయిలో అంతకుముందు బల్బీర్ పాషా పేరుతో ఇట్లాంటి ప్రచారమే నడిచిందని తర్వాత చదివినా. కాలేజీ మగపిల్లలు ఒకరినొకరు పులిరాజా అని పిలుచుకునేవాళ్ళు. మాకు నవ్వు ఆగేది కాదు. ఎయిడ్స్ అన్న మాట మా నాయన ముందు నేను మొదటిసారి పలికింది ఆ పులిరాజా పుణ్యమా అనే. అంతటి పని ఇంకే ప్రచారమూ చేయలేదని ఇప్పటికీ అంటాను.

అయితే దాంట్లో ఒక చిక్కు ఉండిపోయింది. వస్తే గిస్తే పులిరాజాకు వస్తుంది. మనకేం? మా వీధిలో లారీ క్లీనరు ఒకాయన ఆ ఏడే సన్నబడి సన్నబడి పోయినాడు. జనం టీబీ అన్నారు. ఆయన భార్యను ఎవరూ పరీక్షకు పంపలేదు. ఆమె పులిరాజా కాదు కదా.

2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఉచితంగా మందులివ్వడం మొదలుపెట్టింది, ఎక్కువ కేసులున్న ఆరు రాష్ట్రాల్లో, ఢిల్లీలో. ఆంధ్రా, కర్ణాటక రెండూ ఆ ఆరింట్లో ఉన్నాయి. 2005లో బళ్ళలో కౌమార విద్య అని మొదలుపెట్టినారు. 2007లో కర్ణాటకతో సహా కొన్ని రాష్ట్రాలు అది మా బళ్ళకు వద్దనేసినాయి. పిల్లలు చెడిపోతారని, బొమ్మలు పచ్చిగా ఉన్నాయని గొడవ. నేను ఉద్యోగంలో చేరేనాటికి ఆ పుస్తకాలు బీరువాల్లో కూడా లేవు. మిగిలింది పదోతరగతి సైన్సులో ప్రత్యుత్పత్తి పాఠం. దాంట్లో హెచ్‌ఐవి, కండోమ్ రెండు మూడు వాక్యాల్లో ఉంటాయి. మామూలుగా ఆ పుట రాగానే టీచరు గడియారం చూసుకుని "ఇది ఇంట్లో చదువుకోండి" అంటుంది. నాకు పదోతరగతిలో అన్నారు. నా తర్వాతి బ్యాచీలకూ అన్నారు.

మా తరానికి తెలివి లేకపోయినా భయం ఉండేది. వీళ్ళకు ఆ చావులు తెలియవు. మంచిదే. కానీ భయం పోయిన చోట వేరే ఏదో పెట్టాలి. ఏమీ పెట్టలేదు.

26 నవంబర్

గౌరిబిదనూరు పెద్దాసుపత్రికి పోయి వచ్చినా. హెచ్‌ఐవి పరీక్ష, కౌన్సెలింగు చేసే గది ఒక మూలకు ఉంటుంది. అది మూలకు ఉండటమే మేలని అక్కడి కౌన్సెలరక్క అంటుంది. నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించి, పిల్లల ప్రశ్నలు ఒక్కొక్కటే వినింది. నేను చదువుతుంటే నవ్వలేదు. ఇన్నాళ్ళకు నవ్వకుండా విన్న మనిషి దొరికింది.

ఆమె చెప్పినవి గబగబా రాసుకున్నా. గర్భిణి అయిన ప్రతి ఆడమనిషికీ పరీక్ష చేస్తారు. మందు లేకుంటే తల్లి నుంచి బిడ్డకు వచ్చే ముప్పు నూటికి పదిహేను నుంచి నలభై ఐదు. మందు సరిగ్గా వాడితే ఐదు లోపలే. వైరస్ ఒంట్లో చేరిన వెంటనే పరీక్షలో కనపడకపోవచ్చు, అందుకని మూడు నెలలకు మళ్ళీ చూడాలి. ఇప్పటి మందు రోజుకొక మాత్ర. ఆ ఒక్క మాత్రలోనే మూడు మందులుంటాయి. క్రమంగా మింగి, రక్తంలో వైరస్ దొరకనంత తగ్గినవాళ్ళ నుంచి కలయిక ద్వారా ఇంకొకరికి రాదు. ప్రమాదం జరిగిందనుకుంటే 72 గంటల్లోపల వస్తే 28 రోజుల మందు ఉంది, ఎంత తొందరగా వస్తే అంత మంచిది. ఈ చివరిది నా తోటి టీచర్లలోనే ఎవరికీ తెలియదని పందెం.

"మరి పదహారేళ్ళ పిల్ల ఒంటరిగా వస్తే?" అని అడిగినా.

"మొదట నేను అడగాల్సింది, అమ్మానాయనలు ఎవరైనా వచ్చినారా అని. పద్దెనిమిది నిండకుంటే వాళ్ళ ఒప్పుదల కావాల. ఆ మాటతోనే సగంమంది లేచి పోతారు. ఇంక జరిగింది చెప్పినారంటే పోక్సో. నేను పోలీసులకు చెప్పల్ల. చెప్పకుంటే నా మీద కేసు."

పిల్లల్ని కాపాడే చట్టం అవసరం లేదని ఏ టీచరూ అనదు. కానీ తొందరపడిన పదిహేడేళ్ళ ఇద్దరు పిల్లలకు ఈ ఊళ్ళో అడగడానికి చోటు లేదు. ఇంట్లో అడగలేరు, బళ్ళో అడగలేరు, ఆస్పత్రిలో అడిగితే స్టేషను. కొందరు ఎవరి కంటా పడకూడదని సరిహద్దు దాటి హిందూపురమో, ఇంకా దూరం బత్తలపల్లి ఆర్‌డీటీ ఆస్పత్రికో పోతారట.

వచ్చేటప్పుడు ఆమె 2017 హెచ్‌ఐవి, ఎయిడ్స్ చట్టం కాగితాలు చేతికిచ్చింది. అమల్లోకి వచ్చింది 2018 సెప్టెంబరులో. ఒప్పుదల లేకుండా పరీక్ష చేయకూడదు, ఎవరికి ఉందో బయటపెట్టకూడదు, బళ్ళో చేర్చుకోము అనకూడదు. ఇవన్నీ ఎప్పుడో విన్నవే. రైలు గేటు దగ్గర బస్సు ఆగితే 32వ సెక్షను చదివి మళ్ళీ చదివినా. హెచ్‌ఐవి వల్ల దెబ్బతిన్న ఇంట్లో, పన్నెండేళ్ళు నిండి ఇంటి సంగతులు తానే చూసుకునే, తగినంత తెలివి ఉన్న పిల్ల తన చెల్లెలికో తమ్ముడికో సంరక్షకురాలిగా ఉండొచ్చు. బళ్ళో చేర్పించడం, వైద్యం, బ్యాంకు ఖాతా, ఆస్తి అన్నీ.

పన్నెండేళ్ళ పిల్ల చేతికి ఇల్లు అప్పజెప్పడానికి పార్లమెంటు ఒప్పుకుంది. పదిహేనేళ్ళ పిల్లకు పుస్తకంలోని ఒక వాక్యం చదివి చెప్పడానికి మేము ఒప్పుకోము.

2 డిసెంబర్, సోమవారం

జాతా అయింది, ఫోటో అయింది. ముగ్గులు కూడా. పాము రాలేదు, ఈసారి రాక్షసుడు.

మధ్యాహ్నం పదోతరగతి రెండు సెక్షన్లూ హాల్లో. మగపిల్లలకు నేను వేరేగా చెప్తానని పీటీ సారు. వద్దు, కలిపే అన్నా. సరే మీ ఇష్టం మిస్ అని ఆయన వెనక బెంచీలో కూర్చున్నాడు. చివరిదాకా కదలలేదు పాపం.

ఎట్లా వస్తుంది అని అడగడం తరువాయి, నాలుగు దారులూ హాలు అదిరేట్టు చెప్పినారు, పరీక్ష కన్నడంలో, కామాలతో సహా. విదురాశ్వత్థలో జెండా సత్యాగ్రహం మీద పోలీసు కాల్పులు ఎప్పుడంటే 25 ఏప్రిల్ 1938 అని ఇట్లాగే అరుస్తారు. దేన్నయినా రెండు మార్కులుగా మార్చేసుకోవడం మా పిల్లలకు వచ్చిన విద్య.

అప్పుడు అడిగినా. "సంతలో ఒకాయన శెనక్కాయలు అమ్ముతాడు. ఆయనకు హెచ్‌ఐవి ఉంది. కొంటారా?"

హాలు చప్పున ఆరిపోయింది. ఇప్పుడే కదా ఎంగిలితో రాదని అరిచినారు! ముందు వరసలో బాగా చదివే పిల్ల లేచి, రాదని తెలుసు మిస్, అయినా కొనం, మా అమ్మ ఇంట్లోకి తేనీదు అంది. నిజం చెప్పింది, కూర్చోమన్నా. ఇంకొకరిద్దరు జాలి పడి కొంటామన్నారు. జాలితో కొన్న శెనక్కాయలు ఎన్నాళ్ళు తింటారు?

వెనక బెంచీ పిల్లవాడు, లెక్కల్లో ఎప్పుడూ సున్నా, చెయ్యి కూడా ఎత్తకుండా అన్నాడు: "వానికి ఉండాదని మనకెట్ల తెలుస్తాది మిస్? ఇన్నాళ్ళూ కొనుక్కొనే ఉంటాం. మనకేమన్నా అయిందా?"

నేను నెల రోజులు కూర్చుని తయారుచేసినా ఇంత మంచి జవాబు రాసేదాన్ని కాదు. చూస్తే తెలుస్తుందా అన్న చీటీకి జవాబు అదే. శెనక్కాయలకు భయపడక్కర్లేదన్నదీ అదే. కండోమ్ ఎందుకన్నదీ అదే. మొహం చూసి నమ్మేది లేదు, మొహం చూసి వెలివేసేదీ లేదు.

తర్వాత బోర్డు మీద కండోమ్ అని రాసినా. నవ్వులు. ఆగినా. నవ్వు ఎంతసేపుంటుంది? అయిపోయింది. పుస్తకంలో ఉన్న వాక్యం ఒక పిల్ల చేత చదివించినా. ఎందుకు వాడతారు, గడువు తేదీ ఎందుకు చూడాలి, ఒకసారి వాడింది మళ్ళీ ఎందుకు వాడకూడదు. మామూలుగా, కిరణజన్య సంయోగక్రియ చెప్పినట్టే చెప్పినా. వద్దు అనే హక్కు మీకెప్పుడూ ఉంది, ఎవరు ఎంత బతిమాలినా సరే అని కూడా చెప్పినా. ఈ మాటకు ఆడపిల్లల వైపు నుంచి ఒక్క చిన్న శబ్దం లేదు. అంతా రాసుకుంటున్నారు. మార్కులు లేనిది వీళ్ళు రాసుకోవడం ఇదే చూడటం.

చివర్లో ఒక కథ. 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సోలమన్ దగ్గర చదువుకునే నిర్మల అనే ఆమె, ఇట్లాంటివి నోరెత్తి మాట్లాడని ఇంటినుంచి వచ్చినామె, రిమాండ్ హోముకు పోయి సెక్స్ వర్కర్ల రక్తం తీసుకుంది. భర్త స్కూటరు మీద దింపేవాడు. నమూనాలు రాత్రి రైల్లో వెల్లూరుకు తీసుకుపోతే ఆరింట్లో వైరస్ బయటపడింది. మన దేశానికి ఎయిడ్స్ రాదు, మనవాళ్ళు పద్ధతైనవాళ్ళు అని అప్పటిదాకా అందరూ అనుకునేవాళ్ళు. ఒక సిగ్గరి ఆడమనిషి సిగ్గు పక్కన పెట్టి పోయి చూసింది కాబట్టి తెలిసింది.

3 డిసెంబర్

పొద్దున్నే ఒక తండ్రి వచ్చినాడు. హెడ్మాస్టరు మొహం పాలిపోయింది, గొడవకొచ్చినాడని. లారీ తోలతాడాయన, బాగేపల్లి మీదుగా హైదరాబాదు రోడ్డు. చేతిలో కూతురి స్కాలర్‌షిప్ కాగితం. సంతకం అయినాక కూడా నిలబడినాడు.

"నిన్న మా పాప ఇంట్లో చెప్పింది మిస్. శెనక్కాయల సంగతి. మాకు వెనకటికి లారీ స్టాండులో చెప్పినారు ఇవన్నీ, పెట్టెలో పెట్టి ఇచ్చినారు కూడా. అప్పటికే మా జతగాళ్ళు ఇద్దరు పోయినారు." కాసేపు ఆగి, "పాపకు చెప్పల్లంటే నాకు నోరు రాదు. మీరు చెప్పినారు, మంచిదాయ" అన్నాడు.

హెడ్మాస్టరు ఆయనకు కుర్చీ వేయించినాడు.

7 డిసెంబర్, సుబ్రహ్మణ్య షష్ఠి

విదురాశ్వత్థకు పోయినా. విదురుడు నాటినాడని చెప్పుకునే రావిచెట్టు 2001లో కూలింది, అయినా జనం తగ్గలేదు. ఎన్ని నాగశిలలో లెక్కలేదు. సంతానం కావాలని, పెళ్ళి కావాలని ప్రతిష్ఠ చేయించేవాళ్ళు ఆంధ్రా నుంచి కూడా వస్తారు. మధ్యాహ్నం హిందూపురం ప్యాసింజరు దిగిన వాళ్ళతో దారంతా పసుపు కుంకుమ.

క్యూలో నా పాత శిష్యురాలు కలిసింది. రెండేళ్ళ కింద ఎస్‌ఎస్‌ఎల్‌సీ. దొడ్డబళ్ళాపురం వైపు గార్మెంట్స్‌కు పోతుండేది, ఇప్పుడు పెళ్ళై, కడుపుతో ఐదో నెల. వయసు అడగలేదు, అడిగితే పద్దెనిమిది అనే చెప్తుంది. ఆస్పత్రిలో అన్ని పరీక్షలూ చేసినారు మిస్, అదీ చేసినారు, లేదన్నారు అని గొంతు తగ్గించి చెప్పింది.

"మీ ఆయనకు?"

"ఆయన్ను రమ్మన్నారు. రాలే. నాకేమి రోగం అని కోపం చేసుకున్నాడు."

ఈ పిల్ల నా ముందు నాలుగో బెంచీలో కూర్చున్న ఏడు, ఆ పుట నేను చదివించినానా? చదివించినా. అది కూడా నాలుగు దారులూ అప్పజెప్పింది. కానీ భర్తను పరీక్షకు రమ్మనాలంటే దారులు తెలిస్తే చాలదు, నోరు కావాలి. ఆ నోరు పదిహేనేళ్ళకు రాకుంటే పెళ్ళైనాక వస్తుందా? కళాశాలల్లో ఎయిడ్స్ గురించి చెప్పే ఏ రెడ్ రిబ్బన్ క్లబ్బుకూ ఈ పిల్ల అందలేదు. పదోతరగతితో చదువు ఆగిపోయే పిల్లలకు ఆఖరి సైన్సు టీచరు నేనే. చింతామణి టమాటా మండీకి పోయే మగపిల్లలకూ అంతే.

మళ్ళీ రమ్మని చెప్పు, నేనూ వస్తా అన్నా. తల ఊపింది.

12 డిసెంబర్

క్లస్టరులో సైన్సు టీచర్ల సమావేశం. ప్రశ్నలన్నీ చదివి వినిపించినా. కొందరు నవ్వినారు. ఒకాయన తల్లిదండ్రులు కేసు పెడితే ఎవరు బాధ్యులు అన్నాడు. పుస్తకం అచ్చువేసిన ప్రభుత్వం బాధ్యత అన్నా. నాకంటే పెద్ద టీచరమ్మ ఒకామె, వచ్చే ఏడు రిటైరయ్యే మనిషి, నిలబడి "నేను ముప్పై ఏళ్ళు ఆ పుట దాటేసినా. ఈ ఏడు చెప్తా, నువ్వొచ్చి కూర్చో" అంది. జనవరిలో ఆమె బడికి పోతున్నా.

మిగతా సైన్సు టీచర్లకు నేను అడిగింది ఒకటే. పాఠంలో ఉన్న ఆ వాక్యాన్ని ఇంట్లో చదువుకోండి అనకండి. ఇంట్లో చదివి చెప్పేవాళ్ళు లేరు. మనకు సంకోచమైతే ఆస్పత్రి కౌన్సెలరును పిలవండి, వాళ్ళు వస్తారు. బోర్డు మీద 1097 అని రాసి చెరపకుండా ఉంచండి. ఆ నంబరుకు ఫోన్ చేస్తే డబ్బు పట్టదు, మన ఊరి మాటల్లోనే మాట్లాడొచ్చు, ఇంటికి ఎవరూ రారు, పేరు ఎవరికీ చెప్పరు.